గాలి తగలని వైపు

నేను మోస్తున్న బరువు రెండక్షరాలు. ‘వాడే.’

తూచితే ఏమీ ఉండదు. పలకడానికి అర క్షణం చాలు. కానీ ఆ రెండక్షరాలనీ 2005 నుంచి ఆఫీసుకి మోసుకెళ్తున్నాను, ఇంటికి మోసుకొస్తున్నాను. పిల్లల పుట్టినరోజు ఫొటోల్లో నవ్వుతున్నప్పుడు కూడా వాటిని నాలుక కింద పెట్టుకునే నవ్వుతున్నాను. నా భార్యకి తెలియదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఇలాంటి సంగతి చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి పరిచయం దొరకదు.

ముందు నా జబ్బు సంగతి చెప్పాలి. మాట కనిపిస్తే విరవకుండా ఉండలేను. సియాటిల్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఉగాది సంబరాలకి హాస్యనాటికలు రాసిపెట్టేవాణ్ణి. జనం నవ్వేవారు. నవ్వనివాళ్ళకి మర్నాడు ఫోన్ చేసి, ఎక్కడ నవ్వాలో వివరించేవాణ్ణి. ఇప్పుడు ఇది రాస్తున్నప్పుడు కూడా వేళ్ళు శ్లేష కోసం తడుముతూనే ఉన్నాయి. కొన్నిచోట్ల ఆగలేకపోతానేమో. ఆ జబ్బుకి ఒక మనిషి బలైపోయాడని తెలిసి చదవండి, చాలు.

రఘు నా స్నేహితుడు. ఒకే యూనివర్సిటీలో ఎమ్మెస్ చేశాం, ఒకే గదిలో ఉన్నాం, తర్వాత రెడ్‌మండ్‌లో ఒకే కంపెనీలో వేరువేరు భవనాల్లో కుదురుకున్నాం. వాడిది కరీంనగర్, నాది తెనాలి. వాడు ‘మంచిగుంది’ అంటే నేను ‘బాగుంది’ అని దిద్దేవాణ్ణి. వాడి భాష మీద నేను వేసిన జోకులన్నీ ఓపిగ్గా విని, "అయిపోయిందా నీది?" అనేవాడు. నెమ్మదస్తుడు. కారెక్కగానే వెనక సీట్లోవాళ్ళని కూడా బెల్టు పెట్టుకున్నారా అని అడిగేవాడు. విమానంలో ఎయిర్‌హోస్టెస్ చేతులు ఊపుతూ చెప్పేదంతా చివరిదాకా వినే మనిషిని నేను వాణ్ణొక్కణ్ణే చూశాను. వాడు జాగ్రత్తపరుడు. వాడి గురించి ఒక్క వాక్యం రాయమంటే ఎవరైనా అదే రాసేవారు. ఆ వాక్యాన్నే నేను కొట్టేశాను.

వాడి భార్య ఉమ. వరంగల్ అమ్మాయి. నన్ను అన్నా అని పిలిచేది, ఇప్పటికీ అలాగే పిలుస్తుంది. అప్పట్లో రెడ్‌మండ్ దగ్గరే బాతెల్ అనే ఊళ్ళో అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు. వాళ్ళ పాప మేధకి ఇంకా నడక రాలేదు.

ఆ చలికాలం నేనూ రఘూ స్నోషూస్ కొనుక్కున్నాం. చేటల్లాంటివి. బూట్లకి కట్టుకుంటే మెత్తటి మంచులో దిగబడకుండా నడవొచ్చు. స్కీయింగ్ మా ఇద్దరికీ రాదు. లిఫ్టులూ టికెట్లూ కాపలావాళ్ళూ ఉండే స్కీ కొండలకి అవతల వట్టి అడవీ కొండలూ ఉంటాయి. బ్యాక్‌కంట్రీ అంటారు. అక్కడ మనల్ని ఆపేవాడు ఉండడని సంతోషించాం. ఆదుకునేవాడు కూడా ఉండడన్న సంగతి అంతగా తట్టలేదు.

ఇద్దరం ఎండ దేశంవాళ్ళం. తెనాలిలో పొద్దున్నే కాలవ మీద పొగలా లేచేదాన్ని మంచు అన్నాం, గడ్డి మీద బొట్టునీ మంచే అన్నాం. ఇక్కడికొచ్చి కొండనిండా పరుచుకున్నదాన్ని చూసి, మన దగ్గర ఉన్న ఆ ఒక్క మాటే దానికీ తొడిగాం. పొడి మంచు, తడి మంచు, గాలి మోసుకొచ్చిన మంచు, రాత్రి గడ్డకట్టి పగలు కుళ్ళే మంచు, ఇవన్నీ వేరువేరు వస్తువులని నాకు తర్వాత తెలిసింది. తర్వాత అంటే, తెలిసినా పనికిరానప్పుడు.

ఫిబ్రవరిలో ఒక శనివారం. అంతకుముందు రెండు రోజులు కొండల మీద బాగా కురిసింది. మొదట చలిలో దూదిలా పడింది. ఆ తర్వాత సముద్రం మీదినుంచి వెచ్చటి గాలి తిరిగి, పెద్దగా వీస్తూ, బరువైన మంచు తెచ్చి ఆ దూది మీద పోసింది. అప్పుడు మాకు ఇదంతా తెలియదు. మాకు తెలిసింది ఒకటే, ఎండ కాసింది. ముసురు పట్టి వదిలాక ఎండొస్తే మనవాళ్ళు వడియాలు పెడతారు, బట్టలు ఆరేస్తారు, ఆగిన ప్రయాణాలు మొదలెడతారు. ఎండంటే మనకి అనుమతి. ఎండ కాసింది కాబట్టి ఇవాళ ఇంట్లో ఉండాలని మనకి ఎవరు నేర్పారు?

మంచు ఎక్కడెక్కడ జారిపడొచ్చో రోజూ పొద్దున్నే రాసి ఇంటర్నెట్‌లో పెడతారు. అవలాంచ్ రిపోర్ట్ అంటారు. రఘు నా అపార్ట్‌మెంట్‌కి వచ్చీ రాగానే, "రిపోర్ట్ చూసినవారా?" అన్నాడు. దాన్ని చూడాలని ప్రతిసారీ పట్టుబట్టింది వాడే. ఈ కథలో నిజమైన ‘వాడే’ ఇదొక్కటి.

చదివి చెప్పే పని నాది. మా గుంపులో ఇంగ్లీషుకి నేను పెద్దదిక్కు. మేనేజర్లకి రాసే మెయిళ్ళు, వీసా ఆఫీసుకి పంపే జవాబులు, అందరివీ నా చేతిమీదుగా వెళ్ళేవి. ఆ గర్వం ఎంత ఉండేదంటే, తెలియని మాట ఎదురైతే మాటదే తప్పన్నట్టు చూసేవాణ్ణి.

ప్రమాదం ‘కన్సిడరబుల్’ అని ఉంది. ఐదు మెట్లలో మూడో మెట్టు. "కన్సిడరబుల్ అట. అంటే కన్సిడర్ చేయొచ్చు," అన్నాను. రఘు నవ్వాడు. కింద ఇంకో వాక్యం ఉంది. ‘విండ్ లోడెడ్’ వాలుల మీదికి వెళ్ళొద్దని, పగలు వెచ్చబడేకొద్దీ ప్రమాదం పెరుగుతుందని. విండ్ లోడెడ్ దగ్గర ఆగాను. నాకు ఆ మాట తెలియదు. తెలియదన్న సంగతి స్పష్టంగా తెలుసు. ఆ క్షణం ఇంకా నా దగ్గరే ఉంది. కుర్చీ, కాఫీ కప్పు, నా భుజం మీదినుంచి వంగి చూస్తున్న రఘు, వాడి జాకెట్ జిప్పు చప్పుడు.

"అంటే ఏంది?" అన్నాడు.

"గాలి గట్టిగా కొట్టే వాలు. అటు పోకూడదు. గాలి తగలని వైపు ఉంటే చాలు," అన్నాను.

తడుముకోకుండా చెప్పాను. తెలిసినవాళ్ళు తడుముకుంటారు, నాకా అవసరం లేకపోయింది.

ఆ మాట అర్థం ఇప్పుడు చెబుతాను. మంచుకి గాలి లారీ లాంటిది. తను వీచే వైపున ఎత్తుకుని, కొండ నెత్తి దాటించి, తను తగలని వైపున దించేస్తుంది. లోడు దించిన చోటునే విండ్ లోడెడ్ అంటారు. ఆకాశం రోజంతా కురిపించినదానికి ఎన్నో రెట్లు అక్కడ ఒక్క రాత్రిలో పేరుకుంటుంది. దారిలో గాలి మంచు రేకుల్ని విరిచి పిండి చేస్తుంది కాబట్టి దించినచోట ఆ పిండి అతుక్కుని గట్టి పలక అవుతుంది. పైన పలక, కింద ఇంకా నిలదొక్కుకోని దూది. ఇక ఎండ వస్తుంది. గాలి లేదు కాబట్టి బాగా తగులుతుంది. పలక తడిసి, బరువెక్కి, కిందికి సాగడం మొదలవుతుంది. ఆ దూది ఎంతని మోస్తుంది? అప్పుడు ఒక మనిషి బరువు చాలు. గాలి తగలక, ఎండ తగులుతూ, పరుపులా నున్నగా ఉన్న చోటు కనబడితే ఆ పూట అటు అడుగు పెట్టకూడదు. మేము అలాంటి చోటు వెతుక్కుంటూ వెళ్ళాం.

చెట్ల మధ్య ఎక్కుతున్నంతసేపూ కొమ్మల మీదినుంచి తడి మంచు ముద్దలు ధబ్ ధబ్‌మని పడుతూనే ఉన్నాయి. పక్క వాలు మీద చిన్న చిన్న మంచు ఉండలు వాటంతటవే బయల్దేరి, దొర్లుతూ, పెద్దవవుతూ, వెనక గీతలు పెడుతున్నాయి. నేను వాటికి సున్నుండలని పేరు పెట్టి ఫొటో తీశాను. అవి కొండ పంపే హెచ్చరికలని తర్వాత ఒక క్లాసులో చెప్పారు. రఘుకి ఏ క్లాసూ అక్కర్లేకపోయింది. ఆగి, వాటినే చూస్తూ నిలబడ్డాడు. నేను పిలిస్తే కదిలాడు.

కొండ నెత్తికి చేరేసరికి గాలి చెంపలు వాయించింది. అటువైపు మంచంతా ఎగిరిపోయి రాళ్ళు బయటపడి ఉన్నాయి. ఇటువైపు నిశ్శబ్దం. నిండుగా, గుండ్రంగా, ఎండలో వెన్నలా మెరుస్తున్న వాలు. దానికవతల ఒక చెట్ల గుంపు. అక్కడ కూర్చుని ఉమ కట్టిచ్చిన పులిహోర తినాలని నా ఆలోచన. వాలు అంచు మీద అడుగు పెట్టగానే కాళ్ళకింద ‘ధుమ్’ మంది. నేల లోపల ఎక్కడో ఎవరో తలుపు మూసినట్టు.

రఘు నిలబడిపోయాడు.

"ఈ మంచు మంచిగ లేదురా," అన్నాడు.

నేను నవ్వాను. ఇది రాయడానికి మూడుసార్లు లేచి నీళ్ళు తాగొచ్చాను. నవ్వాను. నాకు వాడు చెప్పిన సంగతి వినబడలేదు, మాటల గంట వినబడింది. మంచు, మంచిగ. జీవితంలో శ్లేష ఎరగనివాడు, తనకి తెలియకుండా ఎంత చక్కగా వేశాడు.

"అబ్బ, ఇంకోసారి అనరా. ఉగాది నాటికలో పెట్టేస్తాను."

"జోక్ కాదురా. నాకు మంచిగనిపిస్తలేదు. మర్లిపోదాం పా."

"గాలి కొట్టే వైపు ప్రమాదం అన్నారు. చదివాను కదరా నీకు. ఇటు గాలుందా?"

"లేదు."

"మరింకేం? కరీంనగర్‌లో ఎన్ని మంచుకొండలు చూశావని నీకు డౌటు?"

"తెనాలిల నువ్వు శాన చూసినవు తియ్," అన్నాడు. కొంచెం నవ్వాడు కూడా.

ఇంతే. ఇద్దరు స్నేహితుల మాటలు. ఎవరైనా విని ఉంటే తగువులా కూడా తోచదు. నేను ముందు నడిచాను. ఏమీ కాలేదు. అవతల చెట్ల దగ్గరికి చేరి, వెనక్కి తిరిగి, చేయి ఊపాను. "చూశావా, రారా," అన్నాను. వాడు కాసేపు కదల్లేదు. ఆ కాసేపట్లో ఏమనుకున్నాడు? నేను చదివి చెప్పాను కాబట్టి నిజమే అయి ఉంటుందనుకున్నాడా? వెనక్కి పోతే సోమవారం లంచ్ దగ్గర నేను అందరికీ చెప్పి నవ్విస్తానని జంకాడా? మొదటిదైతే నా అబద్ధపు తెలివి వాణ్ణి రప్పించింది, రెండోదైతే నా నోటికి దడిసి వచ్చాడు. ఏది తక్కువ తప్పో తేల్చుకుందామని చాలా రాత్రులు కూర్చున్నాను. తేలలేదు.

వచ్చాడు. సగం దాటాడు. వాడికి పైన, వాలు మీద, ఎవరో పెన్సిల్‌తో గీసినట్టు ఒక గీత కనిపించింది. అది ఇటునుంచి అటు పరుగెత్తింది. మరుక్షణం వాలంతా పలకలు పలకలుగా పగిలి కదిలింది. వాడు దానితోపాటు కొంతదూరం నిలబడే వెళ్ళాడు. నా వైపు చూశాడు. నన్ను పిలవలేదు.

వెతికాను. మా దగ్గర పారల్లేవు, మంచులో పూడినవాళ్ళ జాడ చెప్పే ట్రాన్స్‌మీటర్లు లేవు. స్నోషూ విప్పి దానితో తవ్వాను. జారి ఆగిన మంచు సిమెంటులా బిగుసుకుపోతుంది. కింద లోయలో స్కీ చేస్తున్న కొందరు చూసి పైకొచ్చారు, తర్వాత రెస్క్యూవాళ్ళు వచ్చారు. పొడుగాటి కడ్డీలతో గుచ్చి గుచ్చి వెతికారు. దొరికేసరికి వాడు లేడు. ఇంతకు మించి ఈ భాగం రాయలేను.

ఇప్పటిదాకా చెప్పింది పొరపాటు. తెలియని మాటకి అర్థం చెప్పాను, భయపడినవాణ్ణి వెక్కిరించాను. ఇది ఒప్పుకోవడానికి పదేళ్ళు పట్టకూడదు. నాకు పట్టింది ఆ తర్వాత జరిగినదానికి.

షెరీఫ్ ఆఫీసు మనిషి అడిగాడు, ఆ వాలు దాటాలని ఎవరు నిర్ణయించారని. ‘వి’ అన్నాను. మేము. అతను రాసుకున్నాడు, భుజం తట్టాడు.

సాయంత్రం బాతెల్‌లో ఉమ అపార్ట్‌మెంట్ నిండా జనం. ఎవరో పాపని ఎత్తుకుని తిప్పుతున్నారు. ఎవరో ఇండియాకి ఫోన్లు చేస్తున్నారు. ఉమ నన్ను వంటింట్లోకి పిలిచింది. ఏడవటం లేదు.

"అన్నా, ఒక్కటే అడుగుత. అటు పోదామన్నది ఎవరు?"

"వాడే," అన్నాను.

"రిపోర్ట్ చూడలేదా మరి?"

"నేను చదివి చెప్పాను ఉమా. వినలేదు."

"ఆయన ఎన్నడు గట్ల చెయ్యడు," అంది.

నిజం ఒప్పుకోవడానికి తలుపు తెరిచి పట్టుకుంది నాకోసం. ఆ వాక్యం అన్నాక చాలాసేపు నా ముఖంలోకి చూస్తూ ఆగింది. భర్త ఎలాంటివాడో తనకి తెలుసు, నా మాటకి అతకడం లేదు, అతకడం లేదని చెప్పు అన్నట్టు చూసింది. నేను సింక్‌లో గిన్నెలు చూస్తూ నిలబడ్డాను. చివరికి తనే, "పిల్ల యాదికి రాలేదా ఆయనకు," అంది. అది నన్ను అడగలేదు. ఆ పూటనుంచి వాణ్ణే అడుగుతోంది.

తెలుగు వ్యాకరణంలో ‘నేను’ని ఉత్తమ పురుష అంటారు. షెరీఫ్ మనిషికి ‘మేము’ అని చెప్పాను, ఉమకి ‘వాడు’ అని చెప్పాను. ఉత్తమ పురుష ఏకవచనం నా నోట రాలేదు. వాడే అన్నాను, వాణ్ణి వాడుకున్నాను. చూశారా, ఇప్పుడు కూడా ఆగలేకపోతున్నాను.

ఎందుకన్నాను? వీసా కోసం అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. తప్పు నాదంటే కేసవుతుంది, హెచ్-1బి పోతుంది, సామాను సర్దుకుని ఇంటికి పోవాలి అని. కేసేమీ అయ్యేది కాదని అప్పుడే తెలుసు. ఉమ దృష్టిలో దిగజారిపోతానని భయమా? అదీ కొంత ఉంది. కానీ అడుగున ఉన్నది ఇంకా చిన్నది. చెప్పడానికి సిగ్గేస్తుంది. నాకు ఒక ఇంగ్లీషు మాట అర్థం కాలేదని ఒప్పుకోవలసి వచ్చేది. నా స్నేహితుడు చనిపోయిన పూట నేను కాపాడుకున్నది దాన్ని.

తర్వాతి ఏళ్ళలో నేను ఉమకి చాలా చేశాను. భర్త పోయాక తన డిపెండెంట్ వీసా నిలవదు. మళ్ళీ యూనివర్సిటీలో చేర్పించడానికి అప్లికేషన్లు నేనే రాశాను. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద చదువుకుని, బాతెల్‌లోనే ఒక బయోటెక్ కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం తెచ్చుకుంది. తను రాత్రి షిఫ్టులో ఉంటే మేధ మా ఇంట్లో పడుకునేది. తోడబుట్టినవాడు కూడా ఇంత చేయడని అందరూ అంటారు. నా భార్య గర్వపడుతుంది. ఒక్కొక్క మెచ్చుకోలూ వచ్చి నా మీద పడుతుంది, పేరుకుంటుంది. పేరు రావడమంటే ఇదే కాబోలు.

ఉమ ఇంట్లో గోడ మీద రఘు ఫొటో లేదు. ఏటా ఆ తిథికి చేయవలసినదంతా చేస్తుంది, వాడి గురించి మాత్రం ఒక్క మాట అనదు. ఒక్కసారి, మేధ జ్వరంతో ఉన్నప్పుడు, "సోకులకు పోయి మమ్మల్ని ఇట్ల ఇడిసిపెట్టిండు," అంది. చంటిపిల్లని మరిచిపోయి ఎండలో షికారుకి పోయిన మనిషి మీద తనకి కోపం. అలాంటి మనిషి లేడు. వాణ్ణి నేను కల్పించాను. నా నాటికలన్నిటిలోకీ జనం నమ్మిన పాత్ర అదొక్కటే.

నేను మాత్రం ఏటా చలికాలం అవలాంచ్ క్లాసులకి వెళ్తాను. రోజూ పొద్దున్నే కాఫీతోపాటు రిపోర్ట్ చదువుతాను, వెళ్ళేదేమీ లేకపోయినా. ఎమ్మెస్‌కి కొత్తగా వచ్చిన పిల్లలు మంచు చూడ్డానికి పోతామంటే కూర్చోబెట్టి, గాలి ఎక్కడ ఎత్తుతుందో ఎక్కడ దించుతుందో బల్ల మీద ఉప్పు పోసి, ఊది చూపిస్తాను. "భలే చెప్తారు అంకుల్, ఎక్కడ నేర్చుకున్నారు?" అంటారు. క్లాసులో అంటాను.

ఈ ఏడాది కొండల మీద మంచే లేదు. ఫిబ్రవరిలో కూడా వెచ్చగా వానలే పడ్డాయి. ఒక్కణ్ణే ఆ వాలు దగ్గరికి వెళ్ళాను. గడ్డి కనిపిస్తోంది. ఎవరో భార్యాభర్తలు మామూలు బూట్లతో, కుక్కతో, ఆ వాలు మీద అడ్డంగా నడిచి అవతలికి పోయారు. అంత చిన్న వాలా అది? వాళ్ళని ఆపి ఏదో చెప్పాలనిపించింది. ఏం చెప్పను? కుక్క వెనక్కి తిరిగి నన్ను చూసి మొరిగింది.

వేసవిలో ఉమకి శాన్ రామన్‌లో ఉద్యోగం వచ్చింది. వెళ్ళిపోయే ముందు ఆదివారం మా ఇంటికి భోజనానికి పిలిచాం. మేధ ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది. వాడి కళ్ళే. అన్నం తింటూ చెప్పింది, కాలిఫోర్నియాలో స్కీ టీమ్‌లో చేరుతుందట, పెద్దయ్యాక బ్యాక్‌కంట్రీకి వెళ్తుందట, "డాడీ లాగా." ఉమ గరిటె ఆగింది. పిల్ల కంచంలో ఇంకొంచెం పప్పు వేసింది.

ఈ పిల్లకి తండ్రి గుర్తు లేడు. తల్లి కోపం లోంచి, పెద్దవాళ్ళ గుసగుసల్లోంచి తనకి కావలసిన నాన్నని తయారుచేసుకుంది. దేనికీ భయపడని నాన్న. తల్లి అతన్ని అసహ్యించుకోవడానికీ ఈ పిల్ల పూజించడానికీ కారణం ఒకటే, నేను వంటింట్లో అన్న మాట. ఇప్పుడు దాన్ని పట్టుకుని కొండెక్కుతానంటోంది.

భోజనాలయ్యాక మేధ ఒక్కతే ఇంటి వెనక డెక్ మీద కూర్చుంటే పక్కన కూర్చున్నాను. తనే అడిగింది. "అంకుల్, లాస్ట్‌లో డాడీ స్కేర్ అయ్యాడా?"

"అయ్యాడమ్మా. లాస్ట్‌లో కాదు, ముందే. ఈ మంచు బాలేదు, వెనక్కి పోదాం అన్నాడు."

పదేళ్ళలో మొదటిసారి ఆ వాక్యం నా నోట వచ్చింది.  మేధ తల అడ్డంగా ఊపింది.

"నో. మమ్మీ అలా చెప్పలేదు."

"మమ్మీకి తెలీదు."

"మరి ఎందుకు వెళ్ళాడు?"

అడగవలసిన ప్రశ్న అదే. షెరీఫ్ మనిషీ అడగలేదు, ఉమా అడగలేదు. ఒక్క మాట చాలు. నోరు తెరిచాను కూడా. లోపల వంటింట్లో ఉమా నా భార్యా ఏదో మాట్లాడుకుంటున్నారు, ఉమ నవ్వింది. ఉమ నవ్వడం అరుదు. నేను నోరు మూసుకున్నాను.

మేధ తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, "మమ్మీ చెప్పమందా అలా? నేను స్కీకి వెళ్ళకూడదు అని?" అంది. కోపం కూడా లేదు. నా మీద జాలిపడినట్టు నవ్వి, లేచి లోపలికి వెళ్ళిపోయింది.

అబద్ధం ఎంత గట్టిగా అతుక్కుందో అప్పుడు చూశాను. నిజాన్ని సగం పైకెత్తి చూపిస్తే అబద్ధమని తోసేసింది. మిగతా సగం చెప్పి ఉంటే? నమ్మేదేమో. నమ్మితే దేనికీ భయపడని నాన్న పోతాడు, భయపడి కూడా స్నేహితుడు పిలిస్తే వచ్చిన నాన్న మిగులుతాడు. ఇన్నాళ్ళ కోపం చేతిలో పట్టుకుని ఉమ ఎక్కడ నిలబడుతుంది? వాళ్ళ మంచికే ఊరుకున్నాననుకోవాలని ఉంది. అలా అనుకోగలిగినంత తెలివితక్కువవాణ్ణి కూడా కాకపోయాను. ఊరుకోవడం నాకు అలవాటైంది, అంతే.

వాళ్ళు వెళ్ళిపోయారు. ఉమ నంబరు ఫోన్‌లో ఉంది. ఆదివారాలు తనే చేస్తుంది, అన్నా బాగున్నవా అంటుంది. నేను చెప్పను. నన్ను నేను ఎరుగుదును. మేధ ఏ చలికాలమో కొండెక్కుతుంది, అప్పుడు నేను ఇక్కడ కూర్చుని అక్కడి రిపోర్ట్ చదువుతూ ఉంటాను. నేను చేయబోయేది ఇంతే. మీరు నన్ను ఏమన్నా అనుకోండి. నా తప్పుని మాత్రం తక్కువ చేసి అనుకోవద్దు.

కానీ ఆ పిల్ల అడిగిన ప్రశ్నకి జవాబు ఎక్కడో ఒకచోట ఉండాలి. అందుకే రాస్తున్నాను.

ఎందుకు వెళ్ళాడంటే, నేను రమ్మన్నాను. రఘు వద్దన్నాడు. నేను నవ్వాను. అవతలినుంచి చేయి ఊపి పిలిచాను. వచ్చాడు.

రాశాను. ఊపిరి కొంచెం లోతుగా ఆడుతోంది.